పక్క తడుపు బిడ్డలు



కొల్లేటి లంకలలో నివసించు నొక సోదరి, తొమ్మిదేండ్ల తన కుమారుడు నేటికిని నిద్రలో పక్క తడుపుచున్నాడని వ్రాసినది. తమ్మిలేరు, బుడమేరు పొంగు వానకాలమున బొంత యారుటకు నాలుగు దినములు పట్టునట. విసుగుచే బిడ్డను కొట్టితిననియు, అత్తగారు వాత పెట్టింపుమనుచున్నారనియు, వచ్చు సంవత్సరము ఏలూరి వసతిగృహమున జేర్పుట యెట్లనియు నామె చింత.

అమ్మా! ముందుగా చేతికఱ్ఱ క్రింద బెట్టుడు. ఇది బిడ్డ చేయు నేరము గాదు. రాత్రివేళ మూత్రమును తగ్గించు రసము కొందఱి శరీరమున చాలినంత యూరదు. కొందఱి మూత్రాశయము చిన్నది. అది నిండినను మెలకువ రాదు. ఈ గుణము వంశమున దిగివచ్చుట మెండు. మీవారి చిన్ననాటి సంగతి అత్తగారిని మెల్లగా నడిగి చూడుడు! అయిదేండ్ల బిడ్డలలో నూటికి సుమారు 15 మంది పక్క తడుపుదురు. ఏటేట నట్టివారిలో నూటికి 15 మందికి తనంతట తానే మానిపోవును.

పగలు నీరు బాగుగా త్రాగనిండు. రెండు మూడు గంటల కొకసారి మూత్రమునకు పంపుడు. పండుకొనుటకు రెండు గంటల ముందునుండి నీరు, పాలు తగ్గింపుడు. కాఫీ, తేనీరు మాన్పింపుడు. మలబద్ధమున్నచో ముందది తీర్పుడు; నిండిన ప్రేవు మూత్రాశయమును నొక్కును. బొంతపై రబ్బరుగుడ్డ పఱచి, దానిపై పాతచీర మడతవేసినచో బొంత తడియదు.

తడి తగిలినంతనే మ్రోగు గంటను 1938లో అమెరికాలో మౌరరు దంపతులు వాడి చూపిరి. నేడది చిన్న యంత్రముగా దొరకును. రెండు మూడు నెలలు విడువక వాడవలెను. మొదట తల్లియే లేచి బిడ్డను మేల్కొలుపవలసి యుండును. వసతిగృహమునకు బోవునప్పుడు డెస్మోప్రెసిన్ అను మందు కొందఱికి తోడ్పడును. వైద్యుడు చెప్పినగాని దాని నీయరాదు. అది వాడిన రాత్రి నీరు మిక్కిలి మితముగా నుండవలెను.

ఆఱు నెలలు పొడిగా పండుకొన్న బిడ్డ మరల తడుపసాగినను, అతిదాహము, చిక్కిపోవుట, మూత్రమున మంట, పగలును తడుపుట యున్నను ఆలసింపక ఏలూరికో తాడేపల్లిగూడెమునకో పోయి వైద్యునకు చూపుడు. మధుమేహమో, మూత్రమార్గమున క్రిమిదోషమో కావచ్చును.

వాత మచ్చ జన్మాంతము మిగులును. ఈ తడి చాలమందికి కొలది యేండ్లలో పోవును. నేటి రాత్రి బిడ్డ ప్రక్కన గూర్చుండి, “నీ తప్పు గాదు, నాయనా” యని చెప్పుడు. చికిత్సలో మొదటిది యదియే.