ఘాజీ కథలో మనం మర్చిపోయిన పెద్దాయన

మా షేక్‌పేట చుట్టుపక్కల ఎవర్నైనా ఆపి "1971 యుద్ధంలో విశాఖ దగ్గర ఏం జరిగింది?" అని అడగండి. పదిమందిలో తొమ్మిదిమంది 'ఘాజీ' సినిమా కథ చెప్తారు. అందులో తప్పేం లేదు. ఫిల్మ్‌నగర్ నీడలో పెరిగినవాళ్ళం, మనకి చరిత్ర ముందు తెర మీద కనపడుతుంది, తర్వాతే పుస్తకంలో. కానీ అదే మనిషిని "నీలకంఠ కృష్ణన్ ఎవరు?" అని అడిగి చూడండి. క్రికెటరా అంటారు, కర్ణాటక సంగీత విద్వాంసుడా అంటారు. నా బాధంతా అక్కడే.

వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ ఆ యుద్ధంలో మన తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి. కూర్చున్నది విశాఖపట్నంలో. 1919లో పుట్టిన తమిళుడు. 1941లో, 22 ఏళ్ళ వయసులో, పర్షియన్ గల్ఫ్‌లో జరిగిన పోరులో చూపిన ధైర్యానికి డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ అందుకున్నాడు. అంటే మనం మూడో సంవత్సరం ల్యాబ్ రికార్డులు కాపీ కొట్టే వయసు అన్నమాట. 1971 డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగుబాటు పత్రం మీద సంతకం చేసే ఫొటో మీరంతా చూసే ఉంటారు. కూర్చున్న అరోరా, నియాజీల వెనక నిలబడ్డవాళ్ళలో తెల్ల యూనిఫాంలో ఉన్నది ఈయనే. తర్వాత పద్మభూషణ్ వచ్చింది. పతకాలకి లోటు లేదు. లోటల్లా మన జ్ఞాపకంలోనే.

ఇప్పుడు అసలు కథకి వద్దాం. నాకైతే ఇది సినిమా కంటే గొప్పగా అనిపిస్తుంది.

మన దగ్గర అప్పుడు ఒకే ఒక్క విమాన వాహక నౌక, ఐఎన్ఎస్ విక్రాంత్. దాని నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్ళిచ్చి పనికిరాకుండా పోయింది. మెకానికల్ బ్రాంచి వాళ్ళకి దీని అర్థం వెంటనే తెలుస్తుంది. బాయిలర్ తగ్గితే ఆవిరి తగ్గుతుంది, ఆవిరి తగ్గితే వేగం తగ్గుతుంది. మామూలు ఓడకైతే ఆలస్యంగా చేరడమే నష్టం. విక్రాంత్‌కి అలా కాదు. అంత చిన్న డెక్ మీంచి విమానం గాల్లోకి లేవాలంటే కాటపుల్ట్ తోపు ఒక్కటే చాలదు, ఎదురుగాలి కావాలి. ఆ ఎదురుగాలిలో పెద్ద భాగం ఓడ వేగంగా పోవడం వల్లే పుడుతుంది. అంటే ఒక బాయిలర్ పగులు నేరుగా విమానం రెక్క కింద తేలింది. పైగా ఓడ నెమ్మదైతే జలాంతర్గామికి సులభంగా దొరుకుతుంది.

అవతల పాకిస్తాన్ దగ్గర పీఎన్ఎస్ ఘాజీ ఉంది. ఒకప్పటి అమెరికా జలాంతర్గామి డయాబ్లో. కరాచీ నుంచి బయల్దేరి, మన ద్వీపకల్పం చుట్టి, బంగాళాఖాతం దాకా రాగల సత్తా వాళ్ళకున్న జలాంతర్గాముల్లో దీనికొక్కదానికే ఉంది. 1971 నవంబర్ 14న కరాచీ వదిలింది. వెతుకుతున్నది విక్రాంత్‌ని.

ఇలాంటప్పుడు సినిమా హీరో అయితే ఎదురెళ్ళి కొడతాడు. కృష్ణన్ ఏం చేశాడు? విక్రాంత్‌ని గుట్టుగా అండమాన్ దీవులకి పంపేశాడు. ఆ తర్వాత విక్రాంత్ విశాఖ దగ్గరే ఉన్నట్టు ఊరంతటికీ నమ్మకం కలిగించాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత డిస్ట్రాయర్ ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌తో విక్రాంత్ వేషం కట్టించాడు. పెద్ద ఓడ ఒకటి తిరుగుతున్నట్టు అనిపించేలా వైర్‌లెస్ సందేశాలు ధారాళంగా పంపించాడు. విశాఖ బజార్లో సరుకులకి భారీగా ఆర్డర్లు పెట్టించాడు. అంత కూరగాయలు, అంత మాంసం ఒక్కసారిగా కావాలంటే పెద్ద నౌక వచ్చినట్టేగా! బజార్లో మాట నిలవదని ఆయనకి తెలుసు. విక్రాంత్‌లో పనిచేసే నావికుడు ఒకడు ఇంట్లో తల్లి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నట్టు, రహస్యం లేని మామూలు టెలిగ్రాం కూడా ఒకటి పంపించాడు. ఇదంతా ఆయన తన ఆత్మకథ 'ఎ సెయిలర్స్ స్టోరీ'లో రాసుకున్నాడు.

గమనించారా? ఒక్క తూటా లేదు. ఉన్నవల్లా కిరాణా లిస్టు, టెలిగ్రాం, కాస్త రేడియో గోల.

డిసెంబర్ 3 అర్ధరాత్రి ఘాజీ విశాఖ రేవు బయట మునిగిపోయింది. తొంభై మందికి పైగా నావికులు, ఒక్కరూ బతకలేదు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లే మునిగిందని మన నౌకాదళం అంటుంది. లోపల జరిగిన పేలుడు వల్లో, తాము పరిచిన మందుపాతర వల్లో అయ్యుంటుందని పాకిస్తాన్ అంటుంది. ఆ వాదన ఇవాళ్టికీ తెగలేదు.

మన సినిమా ఈ చిక్కుని సులభంగా తేల్చేసింది. 2017లో వచ్చిన 'ఘాజీ'లో ఒక భారతీయ జలాంతర్గామి నీళ్ళ కింద ఘాజీతో ముఖాముఖి పోరాడి ముంచుతుంది. సంకల్ప్ రెడ్డికి అది మొదటి సినిమా. పాటలు, ఫైట్లు అనే లెక్కలు పక్కన పెట్టి, సముద్రం లేని ఊరి పరిశ్రమ నుంచి అలాంటి సినిమా తీయడం చిన్న విషయం కాదు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. నాకూ ఇష్టమే. కానీ ఆ ముఖాముఖి పోరు మాత్రం కల్పన.

ఈ మాట అంటే మా రూమ్మేట్ వెంటనే, "అన్నా, కిరాణా లిస్టు చూడ్డానికి ఎవడు టికెట్ కొంటడు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. రెండు గంటలు జనాన్ని కూర్చోబెట్టాలంటే ఎదురుగా శత్రువు కనపడాలి, ఓడ ఊగాలి, కెప్టెన్ అరవాలి. ఒప్పుకుంటాను. కానీ వాడికి నేను చెప్పేది ఒకటే. కృష్ణన్ ఆడిన ఆటలో ఉత్కంఠ తక్కువేం లేదు. ఎర వేయడం అంటే ఏంటి? శత్రువుని విక్రాంత్ నుంచి దూరం చేసి తన గుమ్మం ముందుకే పిలుచుకోవడం. ఎరగా నిలబెట్టింది రాజ్‌పుత్‌లో ఉన్న మనవాళ్ళని. వెనకాల ఉన్నది వేలమంది ఉన్న ఊరు. ఘాజీ నమ్మకపోతే? నమ్మి వచ్చి రాజ్‌పుత్‌నే ముంచితే? ఆ నిర్ణయం మీద సంతకం పెట్టి, ఆ రాత్రులు నిద్రపోవాలి. అది టార్పెడో తప్పించుకోవడం కంటే తేలికంటారా?

ఇంకో మాట. ఘాజీ ఎలా మునిగింది అన్నదాంట్లో ఎవరి వాదన నిజమైనా, కృష్ణన్ చేసిన పని విలువ ఒక్క పిసరు కూడా తగ్గదు. ఘాజీ రావాల్సిన చోటుకి రాలేదు, ఆయన రమ్మన్న చోటుకి వచ్చింది. విక్రాంత్ కుంటుకుంటూనే వెళ్ళి డిసెంబర్ 4న కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద తన విమానాలు పంపింది. ఫలితం అదీ. దానికి మనం లేని జలాంతర్గామిని కల్పించి వీరత్వం అతికించనక్కర్లేదు.

ఇది సినిమా మీద కంప్లయింటు మాత్రమే కాదు. మనకి వీరుడంటే ఎప్పుడూ ట్రిగ్గర్ నొక్కేవాడే. పాడైన బాయిలర్‌తోనే ఓడని నడిపించిన ఇంజిన్ రూం వాడు, లెక్కలేసి దాచినవాడు, ఓపిగ్గా ఎదురుచూసినవాడు లెక్కలోకి రారు. మన క్లాసులో కూడా అంతే కదా. ప్రాజెక్టు డెమో రోజు స్టేజి మీద మాట్లాడినవాడు అందరికీ గుర్తుంటాడు, మూడు వారాలు బేరింగ్‌తో కుస్తీ పట్టినవాడి పేరు రిపోర్టులో నాలుగోది. మన సీనియర్లు కొందరు ఎస్ఎస్‌బీకి ప్రిపేర్ అవుతున్నారు. నౌకాదళం అంటే తెర మీద చూసిన అరుపులే అనుకుని వెళ్తే, అక్కడ కావాల్సినవి ఓపిక, లెక్క అని తెలిసేసరికి నీరుగారిపోతారు.

యుద్ధం అయ్యాక కృష్ణన్ కొచ్చిన్ షిప్‌యార్డ్‌కి చైర్మన్‌గా వెళ్ళాడు, 1982లో పోయాడు. 2022లో నౌకాదళంలో చేరిన కొత్త విక్రాంత్ తయారైంది ఆ షిప్‌యార్డ్‌లోనే. పాత విక్రాంత్‌ని కాపాడినవాడు కూర్చున్న చోటే కొత్తది పుట్టిందన్నమాట. స్క్రీన్‌ప్లే రాసేవాళ్ళకి ఇంతకంటే మంచి క్లైమాక్స్ ఎక్కడ దొరుకుతుంది?

కాబట్టి మా ఫిల్మ్‌నగర్ పెద్దలకి ఒక విన్నపం. ఈసారి ఈ కథ తీస్తే మొదటి షాట్ నీళ్ళ కింద పెట్టకండి. విశాఖ బజార్లో పెట్టండి. ఒక వ్యాపారి కాగితం చూసి, "ఇన్ని బస్తాల ఉల్లిపాయలా? ఎవరొచ్చారయ్యా?" అని అడగాలి. మిగతా రెండు గంటలు జనం వాళ్ళే కూర్చుంటారు.