ఏడో సీటు ఎవరికి?

ఇద్దరు పిల్లలు, వచ్చిపోయే అమ్మానాన్నలు, ఏడాదికోసారి తిరుపతి. మన సాఫ్టువేరు సంసారాలకి ఐదు సీట్ల కారు చాలడం మానేసి చాన్నాళ్ళయింది. 2005లో ఇన్నోవా వచ్చినప్పుడు అది మనలో చాలామందికి అందని బండి. 2012లో ఎర్టిగా, 2019లో ట్రైబర్, 2022లో కారెన్స్ వచ్చాక "ఇంటిల్లిపాదీ ఒకే బండిలో" అన్నది ఈఎంఐకి అందే కోరికయింది. మంచిదే. కానీ కొనేటప్పుడు మనవాళ్ళు వేసే లెక్కలే నాకు నచ్చవు.

షోరూముకెళ్ళి మైలేజీ అడుగుతాం, స్క్రీన్ ఎన్ని అంగుళాలో అడుగుతాం. వెనక వరసలో ఎవరు కూర్చుంటారో ఎవరం మాట్లాడుకోం. అసలు ఈ బండ్లలో మనం ఎక్కువ డబ్బు పెట్టి కొనేది ఆ వెనక వరసనే కదా! మొగుడూ పెళ్ళాం ఇద్దరే వెళ్ళి ముందు సీట్లలో కూర్చుని టెస్ట్ డ్రైవ్ చేసి రావడమంటే, యూజర్‌ని పిలవకుండా యూఏటీ మనమే చేసేసి సైనాఫ్ ఇచ్చుకోవడమే :-)

ఒకసారి సీట్లు పంచి చూడండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వంగి దూరి వెనక్కి వెళ్ళలేరు, కాబట్టి మధ్య వరస వాళ్ళది. చిన్నపిల్లాడి చైల్డ్ సీటు కూడా అక్కడే బిగించాలి. ఇక వెనక్కి వెళ్ళేది ఎవరు? పెద్ద పిల్ల, ఆ ఇంటి ఇల్లాలు. అంటే టెస్ట్ డ్రైవ్ రోజున ఆవిడ కూర్చోవలసింది ముందు కాదు, వెనక. అక్కడ మోకాళ్ళకి చోటుందా, తల ఆనించుకునే దిండు సరైన ఎత్తులో ఉందా, ఏసీ గాలి తగులుతోందా, బెల్టు సరిగ్గా అందుతోందా, ఇవీ చూడాల్సినవి.

రెండో లెక్క సామాను. ట్రైబర్‌లో ఏడు సీట్లూ ఉంచితే డిక్కీ 84 లీటర్లు, వెనక రెండు సీట్లూ ఊడదీస్తే 625. ఎర్టిగాలో ఏడుగురూ ఎక్కితే మిగిలేది 209. ఏడుగురు మనుషులా, ఏడుగురి పెట్టెలా, ఏదో ఒకటే. పైగా మనిషికి 65 కిలోలేసుకున్నా ఏడుగురూ 455 కిలోలు. ఒక లీటరు, 72 హార్స్‌పవర్ ఇంజను అంత బరువుతో ఘాట్ రోడ్డెక్కితే ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది.

భద్రత సంగతి కూడా చూడండి. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకి 2021లో ట్రైబర్‌కి నాలుగు స్టార్లు, 2024లో ఎర్టిగాకి ఒక్కటే వచ్చాయి. అయితే మధ్యలో 2022లో నిబంధనలు కఠినమయ్యాయి, కాబట్టి ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. 2025లో ఎర్టిగాలో ఆరు ఎయిర్‌బ్యాగులూ అన్ని మోడళ్ళకీ ఇవ్వడం మొదలెట్టారు. ఏ మోడల్‌ని, ఏ ఏడాది పరీక్షించారో చదవకుండా స్టార్లు లెక్కపెట్టొద్దు.

ఇక బండి ఇంటికొచ్చాక మొదలయ్యే "సోకులు". ముందు ఉక్కు గార్డు బిగిస్తారు. గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బని తను తీసుకోవాల్సిన భాగాన్ని అది పని చెయ్యనివ్వదు. 2017లోనే కేంద్రం వీటిపై చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. సీటు పక్కనుంచి ఎయిర్‌బ్యాగు తెరుచుకునే బండికి ఏదో ఒక కవరు కుట్టించి ఆ దారి మూసేస్తారు. అద్దాలకి నల్ల ఫిల్ము, 2012లో సుప్రీంకోర్టు కాదన్నా సరే. ఇదంతా నడుస్తున్న ప్రొడక్షన్ సిస్టమ్‌లో టెస్టు చెయ్యని ప్యాచ్ వెయ్యడం లాంటిది. మన ఆఫీసులో ఎవడైనా అలా చేస్తే ఊరుకుంటామా?

ఆ డబ్బులే మంచి చైల్డ్ సీటుకి పెట్టండి. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకి బెల్టో, చైల్డ్ సీటో లేకపోతే 2019 చట్ట సవరణ ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉంది. తలుపు దగ్గర స్టిక్కరు మీద పూర్తి బరువుకి టైర్లలో ఎంత గాలి ఉండాలో రాసుంటుంది. ఊరెళ్ళేముందు అది చూసి గాలి కొట్టించండి, పైసా ఖర్చుండదు. వెనక సీట్లు రోజూ అక్కర్లేకపోతే మడిచేయండి, ఊడొచ్చేవైతే తీసి ఇంట్లో పెట్టండి. నా దృష్టిలో ఈ బండికి అసలైన కస్టమైజేషన్ ఇదే.

కారు మన స్టేటస్ చెప్పాలనుకుంటే ముందు సీటు చూసుకోండి. కుటుంబం కోసమే కొంటున్నామంటే వెనక సీటు నుంచి మొదలెట్టండి. మీరేమంటారు?