అడ్డు చెప్పేవారు లేకే శ్రీలంక మునిగింది

2022లో శ్రీలంక కుప్పకూలినప్పటి నుంచి మన రాజకీయాల్లో ఆ దేశం పేరు ఒక బెదిరింపైంది. ఏ సంక్షేమ పథకం ప్రకటించినా ‘ఇలాగైతే మనమూ శ్రీలంకే’ అంటారు. ఆ జులైలో శ్రీలంకపై కేంద్రం పిలిచిన అఖిలపక్ష భేటీలో రాష్ట్రాల అప్పుల చిట్టా చూపిస్తే, తెలుగు రాష్ట్రాల అప్పటి పాలక పక్షాలు అభ్యంతరం చెప్పాయి. అప్పుల గురించి హెచ్చరించడం తప్పు కాదు. అయితే ఆ ద్వీపాన్ని పేదలకు పంచిన సొమ్ము ముంచిందనడం చరిత్ర ముందు నిలవదు. ప్రశ్నించే వ్యవస్థలన్నీ పక్కకు తప్పుకున్నాక తీసుకున్న నిర్ణయాలే ముంచాయి.

2019 నవంబరులో అధ్యక్షుడైన గొటబాయ రాజపక్స రోజుల్లోనే వ్యాట్‌ను 15 శాతం నుంచి 8 శాతానికి దించారు. ఆ పన్ను పరిధిలోకి వచ్చే వార్షిక టర్నోవరును 1.2 కోట్ల శ్రీలంక రూపాయల నుంచి 30 కోట్లకు పెంచారు. ఖజానాకు గండిపడింది ఇక్కడే, అదీ వ్యాపారుల కోసం. 2020లో పార్లమెంటులోని 225 స్థానాల్లో 145 తన పక్షానికి దక్కగానే 20వ రాజ్యాంగ సవరణ తెచ్చి, స్వతంత్ర సంస్థల నియామకాలను అధ్యక్షుడు గుప్పిట్లో పెట్టుకున్నారు. అన్న మహింద అప్పటికే ప్రధాని, తమ్ముడు బసిల్ తర్వాత ఆర్థిక మంత్రి అయ్యారు; ఇక కాదనేదెవరు? 2021 ఏప్రిల్‌లో సేంద్రియ సాగు పేరిట రసాయన ఎరువుల దిగుమతిని ఒక్క కలంపోటుతో ఆపేశారు. శాస్త్రవేత్తలు వద్దన్నా వినలేదు. నవంబరులో వెనక్కి తగ్గేసరికే పంట కాలం చేజారింది. బియ్యానికి లోటు లేని దేశం బియ్యం దిగుమతి చేసుకుంది. డాలర్లకు కటకటలాడుతూనే 2022 జనవరిలో 50 కోట్ల డాలర్ల బాండ్ల బకాయి పరువు కోసం తీర్చారు. మార్చికల్లా కాగితం లేక పశ్చిమ రాష్ట్రంలో బడి పరీక్షలు వాయిదా పడ్డాయి. పెట్రోలు, కిరోసిన్ క్యూల్లో నిలబడలేక వృద్ధులు ప్రాణాలు విడిచారు. ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపు ఆగింది. జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి చొరబడ్డారు, ఆ వారంలోనే గొటబాయ దేశం విడిచారు.

ఈస్టర్ పేలుళ్లు, కొవిడ్ పర్యాటకాన్ని దెబ్బతీశాయని, ఉక్రెయిన్ యుద్ధం చమురు ధరలను మండించిందని, పాత అప్పులూ ఉన్నాయని వాదించవచ్చు. అన్నీ నిజమే. కానీ అదే కొవిడ్‌ను ఎదుర్కొన్న బంగ్లాదేశ్ 2021లో శ్రీలంకకే 20 కోట్ల డాలర్లు సర్దింది. దెబ్బ అందరికీ తగిలింది. ముందే పన్ను రాబడిని వదులుకుని, పంటను పణంగా పెట్టిన దేశం మాత్రం తట్టుకోలేకపోయింది. ఆర్థిక పతనానికి రాజపక్స సోదరులు, కేంద్ర బ్యాంకు మాజీ గవర్నర్లు బాధ్యులని 2023 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టే తేల్చింది. జనమే అంత మెజారిటీ ఇచ్చాక నాయకుడు చకచకా నిర్ణయించడంలో తప్పేముందన్నది మరో వాదన. ఎరువుల నిషేధాన్ని మించిన చకచకా నిర్ణయం ఏముంది? సభలో నాలుగు రోజులు చర్చించి ఉంటే సేంద్రియ ఎరువు ఎంత దొరుకుతుందన్న లెక్క ముందే తేలేది.

శ్రీలంక నుంచి మనం నేర్చుకోవాల్సిందీ ఇదే. రాష్ట్రాలకు సొంత కరెన్సీ లేదు, విదేశీ మారక నిల్వల బాధ్యతా లేదు కాబట్టి ఆ పోలిక అంకెల్లో అతకదు. పాలన తీరులో మాత్రం అతుకుతుంది. కార్పొరేషన్ల పేరిట తెచ్చే అప్పుల వివరాలు శాసనసభ ముందుకు వస్తున్నాయా, కాగ్ నివేదిక సమావేశాల చివరి రోజున కాకుండా చర్చకు వీలుండగా అందుతోందా, పన్ను రాయితీ ఇస్తే పోయే రాబడి ఎంతో ఎవరైనా అడుగుతున్నారా? పేదల పింఛను లెక్క అడిగేవారు ముందు ఈ లెక్కలు అడగాలి.