చంద్రుని వనరులు - ఆర్థిక అవకాశాలు

చంద్రునిపై గల ఖనిజాలు, హీలియం-3, నీరు వంటి వనరులను వినియోగించుకొనుట లాభదాయకమా కాదా అన్నది అంతరిక్ష రంగంలో ఒక ముఖ్యమైన చర్చ. వీటిని భూమికి తెచ్చి అమ్ముటకన్న అక్కడే వాడుకొనుట వలన ఎక్కువ ప్రయోజనం ఉండవచ్చునని ఇప్పటివరకు లభించిన ఆధారాలు సూచిస్తున్నాయి.

ఖనిజాలు

చంద్రునిపై నల్లగా కనిపించే మైదానాలలో టైటానియం, ఇనుము, ఆక్సిజన్‌లతో కూడిన ఇల్మెనైట్ ఉంది. శ్రీకాకుళం, భీమునిపట్నం తీరాల ఇసుకలో కూడా ఇదే ఖనిజం లభిస్తుంది. 1969-1972 మధ్య ఆరు అపోలో యాత్రలలో భూమికి తెచ్చిన రాళ్ళు, మట్టి మొత్తం 382 కిలోలు మాత్రమే. కావున భూమిపై సులభంగా దొరికే ఖనిజం కొరకు అంత దూరం వెళ్ళుట గిట్టుబాటు కాదు.

హీలియం-3

సూర్యుని నుండి వీచే కణాల వలన ఈ వాయువు చంద్రుని మట్టిలో చేరింది. కేంద్రక సంలీనానికి ఇది మేలైన ఇంధనమని అపోలో-17 యాత్రికుడు, భూగర్భ శాస్త్రవేత్త హారిసన్ ష్మిట్ వాదించాడు. కాని ఒక్క గ్రాము కొరకు సుమారు వంద టన్నుల మట్టిని శుద్ధి చేయవలసి ఉంటుంది. పైగా సంలీనం ద్వారా వాణిజ్యస్థాయిలో విద్యుత్తు ఉత్పత్తి ఎక్కడా మొదలు కాలేదు.

నీరు

2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుండి ప్రయోగించిన చంద్రయాన్-1లోని నాసా పరికరం ద్వారా చంద్రుని ఉపరితలంపై నీటి జాడలు ఉన్నట్లు 2009లో వెల్లడైంది. అదే సంవత్సరం నాసా వారి ఎల్‌క్రాస్ ప్రయోగంలో దక్షిణ ధ్రువ ప్రాంతపు కబేయస్ బిలంలో నీటి మంచు ఉన్నట్లు తేలింది. నీటిని విద్యుద్విశ్లేషణ చేస్తే రాకెట్ ఇంధనానికి పనికివచ్చే హైడ్రోజన్, ఆక్సిజన్ లభిస్తాయి. పలాయన వేగం భూమిపై సెకనుకు 11.2 కి.మీ. కాగా చంద్రునిపై 2.4 కి.మీ. మాత్రమే. కనుక అక్కడ తయారైన ఇంధనాన్ని అంతరిక్షంలోకి చేర్చుటకు తక్కువ శక్తి చాలును. అయితే చంద్రయాత్రలు పెరిగితేనే ఈ ఇంధనానికి గిరాకీ ఉంటుంది. ఆ యాత్రలకు పెట్టుబడి ప్రధానంగా ప్రభుత్వాలదే.

యాజమాన్య హక్కులు

1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం చంద్రుడు ఏ దేశానికీ సొంతం కాదు. కాని తవ్వి తీసిన వనరు ఎవరిదన్న విషయాన్ని ఆ ఒప్పందం స్పష్టంగా చెప్పలేదు. అమెరికా 2015లో చేసిన చట్టం ఆ వనరులపై తన పౌరులకు హక్కు కల్పించింది. చంద్రుని వనరులు మానవాళి ఉమ్మడి వారసత్వమని 1979 నాటి చంద్ర ఒప్పందం పేర్కొన్నది. భారత్ దానిపై 1982లో సంతకం చేసినా ధ్రువీకరించలేదు. 2023 జూన్‌లో అమెరికా నాయకత్వంలోని ఆర్టెమిస్ ఒప్పందంలో చేరింది. అదే సంవత్సరం ఆగస్టు 23న చంద్రయాన్-3 దక్షిణ ధ్రువ ప్రాంతానికి సమీపంలో దిగింది. మంచు గల బిలాలు ధ్రువ ప్రాంతాలకే పరిమితం. స్పష్టమైన నియమాలు ఏర్పడక ముందే అక్కడికి చేరిన దేశాలకు, సంస్థలకు సహజంగానే మొగ్గు ఉంటుంది. ఆలస్యంగా వచ్చే పేద దేశాలకు వాటా దక్కుతుందా అన్నది ఈ నియమాలపైనే ఆధారపడి ఉన్నది.