ఉకారాలెక్కడికి పోయాయి?

ముంచంగిపుట్టు అన్న ఊరిపేరులో అక్షరాలెన్ని? వేళ్లు మడిచి చూడండి: ముం, చం, గి, పు, ట్టు. అయిదే గదా! కంప్యూటరునడిగితే 13 అంటుంది. పాపం, అబద్ధమాడటం లేదు. హల్లుకో నంబరు, ఉకారానికో నంబరు, సున్నకో నంబరు, పొల్లుకో నంబరు ఇచ్చి విడివిడిగా దాచుకుంటుంది. పూర్వం అచ్చాఫీసులో కంపోజిటరు ఒత్తులను వేరే గడిలోంచి తీసి పేర్చేవాడు చూడండి, అలాగన్నమాట. ఆ నంబర్ల పట్టిక పేరు యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది.

ఈ గొడవంతా మనకెందుకంటారా? మా మేనల్లుడొకడు అరకు దగ్గర బడిపిల్లలకు పాఠాలు చెబుతున్నాడు. పైథాన్ అనే కంప్యూటరు భాషలో నాలుగు ముక్కలు రాయడం నేర్చాడు. (కొండచిలువ గనక ఆ కొండల్లోనే దొరికిందనుకునేరు! గీడో వాన్ రోసమ్ అనే డచ్చి ఆయన దాన్ని తయారుచేసి, ఒక బ్రిటిష్ హాస్యబృందం పేరు పెట్టాడు.) అందులో ప్రతి పనీ మొదటినుంచి మనం చేసుకోనక్కర్లేదు. మాటలు వెదకడానికి, విడదీయడానికి, వరుసలు తీర్చడానికి ఎవరో చేసిపెట్టిన పనిముట్ల పెట్టెలుంటాయి. వాటిని లైబ్రరీలంటారు.

పిల్లలు కువి భాషలో చెప్పిన కథలను మావాడు తెలుగు లిపిలో రాసుకున్నాడు. వాటిలోని మాటలన్నీ ఏరి జాబితా చేయాలని సంకల్పం. ముందు పరీక్షకు ఊళ్ల పేర్లిచ్చాడు.

“చూడండి మావయ్యా, అరకు ఏమయిందో!” అన్నాడు.

అరకు కాస్తా అరకయి కూర్చుంది! దున్నుకోవడానికి పనికొస్తుందేమో గాని, రైలెక్కి చేరలేం. పాడేరు ‘ప డ ర’ అయింది. ముంచంగిపుట్టు సంగతి చెప్పనక్కర్లేదు: ‘మ చ గ ప ట ట’.

పైథాన్‌తో పాటే వచ్చే వెదుకులాట లైబ్రరీ, మాట అంటే అక్షరాలూ అంకెలూ మాత్రమేనని నమ్ముతుంది. గుణింతపు గుర్తులు దాని దృష్టిలో అక్షరాలు కావు. కామా కనిపించినట్టే అక్కడ మాటను తెగగొడుతుంది. ఇంగ్లీషుకు గుణింతం లేదు గనక వాళ్లకు నొప్పి తెలియదు.

అరకు అరకయితే మనం నవ్వి దిద్దుకుంటాం. కువి మాటకు ఉకారం పోతే దిద్దేదెవరు? టైపు చేసేవాడికా భాష రాదు. ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా మొదలైన 8 భాషల్లో పిల్లలకు వాచకాలు వేయించింది. అన్నీ తెలుగు లిపిలోనే. అంటే మన గుణింతం తెగితే వాళ్ల మాట కూడా తెగుతుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాషను చెవితో విని నేర్చుకుని 1931లో దాని వ్యాకరణం వెలువరించారు. అంత శ్రద్ధగా విన్న ధ్వనులను యంత్రం చెత్తబుట్టలో వేస్తే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు?

మందు లేకపోలేదు. రెజెక్స్ అని విడిగా తెచ్చుకోవలసిన లైబ్రరీ ఒకటుంది. అది గుణింతాన్ని మాటలో భాగంగానే చూస్తుంది. అడిగితే మాటను అక్షరాల కింద కూడా విడదీస్తుంది. అయితే యూనికోడ్ పాత నియమం ప్రకారం ‘ట్టు’ను ‘ట్’, ‘టు’ అని రెండు చేసేవారు. 2023లో వచ్చిన 15.1 కూర్పులో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడగొట్టకూడదని నియమం మార్చారు. పాత పట్టికలు పట్టుకు వేలాడే లైబ్రరీలు ఇంకా రెండు ముక్కలే చేస్తాయి.

ఇక వరుసలు తీర్చడమంటారా, అది మరో కథ. ముంచంగిపుట్టుకు 13, అరకుకు 4 అని లెక్కవేసి ఖాళీలు పెడితే నిలువు వరుసలు వంకరపోక ఏమవుతాయి? మావాడు విసిగి, గళ్ల పట్టికలో పోసి అచ్చు తీశాడు.

ఇప్పుడా జాబితాను పిల్లలచేత పైకి చదివిస్తున్నాడట. వాళ్లు కిసుక్కున నవ్విన చోటల్లా ఎర్రసిరా చుక్క పెడతాడు. మొన్నటి ఉత్తరం నాటికి పదకొండు చుక్కలు.