అక్షరము పట్టుబడని బాలురు

బడిపిల్లలకు మొద్దు, సోమరి యను బిరుదుల నిచ్చుట మన దేశమున మిక్కిలి సులభమైన పని. ఎనిమిదేండ్ల బాలుడు కథ చెప్పిన శ్రద్ధగా వినును. నోటిలెక్క అడిగిన వెంటనే చెప్పును. పుస్తకము చేతికిచ్చినంతనే మూగవోవును. తండ్రి దండించును, ఉపాధ్యాయుడు వెనుక బల్లకు పంపును. ఇట్టివారిలో కొందరికి గలది సోమరితనము గాదు, డిస్లెక్సియా యను పఠనవైకల్యము. ఇది కంటిదోషము గాదు, బుద్ధిలోపమును గాదు. మాటలోని ధ్వనులను విడదీసి అక్షరములతో జతపరచుటలో గలుగు కష్టము.

1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్లవైద్యుడు 14 ఏండ్ల బాలు నొకనిగూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నలునందు వ్రాసెను. బోధన యంతయు నోటిమాటగా జరిగినచో బడిలో నెల్లరకంటె చుఱుకైనవా డితడేయని వాని ఉపాధ్యాయుడు తలంచెనట! ఆ మాట వెలువడి నూటపాతికేండ్లు దాటినను, మన ఉపాధ్యాయులలో ననేకుల చెవి కది సోకలేదు.

తెలుగులిపి ధ్వని ననుసరించునది గనుక మన బిడ్డల కీ బాధ లేదని కొందఱందురు. అది సగము సత్యము. ఇంగ్లీషున బట్, పుట్ అను మాటలలో నొకే అచ్చును వ్రాసి రెండు విధముల పలుకుదురు. తెలుగున నట్టి వంచన లేదు. కాని ప, వ, ష, ఘ ల రూపములు సన్నిహితములు. గుడి పైన, కొమ్ము ప్రక్కన, వత్తు క్రింద నుండును. ఒక్క సంయుక్తాక్షరమునకే కన్ను పైకిని క్రిందికిని పోవలెను. కూడబలుకుకొని చదివిన బాలుడు వాక్యము ముగియునప్పటికి దాని మొదలు మఱచును. తెలుగున మెల్లగా నడచినవాడు ఇంగ్లీషున బొత్తిగా నిలిచిపోవచ్చును.

దీనికి ఔషధము లేదు, బోధనామార్గము గలదు. అమెరికాలో 1930 ప్రాంతమున శామ్యూల్ ఆర్టన్ అను వైద్యుడును, ఆనా గిల్లింగ్‌హామ్ అను విద్యావేత్తయు రూపొందించిన పద్ధతిలో బాలుడు అక్షరమును చూచుచు, వినుచు, పలుకుచు, వ్రేలితో దిద్దుచు నొక్కొక్క ధ్వనినే క్రమముగా నేర్చును. మన వీధిబడులలో ఇసుకపై దిద్దించుచు బిగ్గఱగా పలికించిన పద్ధతి దీనికి చుట్టమే. (ఆ బడులలోనే కోదండము వేయుటయు నుండెను గనుక పాతకాలమును మేము పొగడబోము.) ఇట్లు నేర్చినను వైకల్యము సమూలముగా పోదు, దానితో మెలగుట యలవడును.

మా వకీలువృత్తి చదువుమీదనే నిలిచినది. అట్టి వృత్తిలో అమెరికాలోని డేవిడ్ బోయిస్, డిస్లెక్సియా గలవాడై మూడవ తరగతివఱకు చదువనేరకున్నను, 1966లో యేల్ న్యాయకళాశాలలో పట్టము పొందెను; 1998లో విచారణ మొదలైన మైక్రోసాఫ్ట్ వ్యాజ్యమున ప్రభుత్వపక్షమున వాదించెను. కాగితముకంటె వినికిని, జ్ఞాపకశక్తిని నమ్ముట ఆయన మార్గము. అట్లని ప్రతి బిడ్డయు బోయిస్ కావలెనని కోరుట మఱియొక క్రూరత్వము. సామాన్యుడై సుఖముగా బ్రదుకుటకును వానికి హక్కు గలదు.

ఆ హక్కు చట్టములోని కెక్కినది. 1995 నాటి చట్టమున దీని పేరు లేదు. 2017 ఏప్రిల్ 19న అమలునకు వచ్చిన 2016 దివ్యాంగుల హక్కుల చట్టము దీనిని 21 వైకల్యములలో చేర్చినది. పాఠశాలలు ఇట్టివారిని సత్వరము గుర్తించి తగిన బోధన జరుపునట్లు ప్రభుత్వము యత్నింపవలెనని 16వ సెక్షను చెప్పుచున్నది. ఆ 'యత్నింపవలెను' అను మాటలో తప్పించుకొను సందు గలదని న్యాయవాదు లెఱుగుదురు. 17వ సెక్షను పరీక్షలలో అదనపు కాలమును, లేఖకుని, ద్వితీయ తృతీయ భాషల మినహాయింపును పేర్కొని, ఐదేండ్ల కొకమారు బడిపిల్లల సర్వే విధించినది. 2018 నాటి మార్గదర్శకములు మూడవ తరగతిలోనో, ఎనిమిదవయేటనో, ఏది ముందైన నప్పుడు, ఉపాధ్యాయులే పిల్లలను పరిశీలింపవలె ననినవి.

భాషామినహాయింపుగూర్చి ఒక్కమాట. ఇంగ్లీషు మాధ్యమపు బడిలో ద్వితీయభాష తెలుగైనచో తొలుత తొలగునది తెలుగే. మినహాయింపు నీయవలసినదే, పరీక్ష తప్పినను పద్యము వినుట, కథ చెప్పుట ఏల తప్పవలెను?

పఠనాలయములలో దీనిని చదువు పెద్దలు తమ యూరి బడిలో మూడవ తరగతి పిల్లల నిట్లు పరిశీలించిరా యని ప్రధానోపాధ్యాయు నడుగుడు. నోటిమాటకు జవాబు రానిచో వ్రాతమూలముగా నడుగుడు. ప్రభుత్వపాఠశాలయైనచో 2005 సమాచారహక్కు చట్టము క్రింద 30 దినములలో ప్రత్యుత్తర మీయవలసియుండును.