ఆసుపత్రిలో అంటిన జబ్బుకు లెక్క చెప్పండి

ఎర్ర సిగ్నల్ దాటిన లోకో పైలట్‌ను రైల్వే ఊరికే వదలదు. ఎదురుగా బండి లేకపోయినా, ఒక్కరికీ చిన్న గీత పడకపోయినా డ్యూటీ నుంచి దింపుతారు, విచారణ వేస్తారు, రికార్డుకెక్కిస్తారు. ప్రాణం పోయాకే లెక్క రాస్తామంటే బండ్లు నడవవని ఆ శాఖకు బాగా తెలుసు. 2023 జూన్ 2న బహానగా బజార్‌లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఘోర ప్రమాదం జరిగింది ఈ ఖరగ్‌పూర్ డివిజన్ పరిధిలోనే. సిగ్నల్ సర్క్యూట్ పనుల్లో తప్పు ఎక్కడ దొర్లిందో రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. ఆ కమిషనర్ రైల్వే శాఖ కింద కాదు, పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తారు. తప్పు చేసినవాడే తీర్పు చెప్పకూడదన్న జాగ్రత్త అది.

ఇంత జాగ్రత్త తెలిసిన ఖరగ్‌పూర్ ఊరిని ఒక్క మాట అడుగుతున్నాం. ఇక్కడి ఆసుపత్రుల్లో చేరాక రోగికి కొత్తగా అంటిన జబ్బులెన్ని? సేవ చేస్తూ సిబ్బందికి అంటినవెన్ని? ఆ రెండు అంకెలూ మూడు నెలలకోసారి ఆసుపత్రి గోడ మీద, అందరూ చదివేచోట ఉండాలి. రైల్వే ఆసుపత్రికైనా, రాష్ట్ర ప్రభుత్వ మహకుమా (సబ్‌డివిజన్) ఆసుపత్రికైనా, ఊళ్లోని నర్సింగ్ హోములకైనా ఇదే నియమం కావాలి.

ఖరగ్‌పూర్ తెలుగువారికి ఇది పరాయి గొడవ కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి వర్క్‌షాప్ పనికి, లైను పనికి వచ్చిన కుటుంబాలు ఇక్కడే పాతుకుపోయాయి. నింపురాలో, మథురాకాటీలో, సెటిల్‌మెంట్ క్వార్టర్లలో మూడో తరం, నాలుగో తరం నడుస్తోంది. పురుడైనా, హెర్నియా అయినా, రిటైరైన తాతగారి ఆయాసమైనా వీళ్లకు ముందు గుర్తొచ్చేది రైల్వే ఆసుపత్రి. అక్కడ కుదరకపోతే కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ రైల్వే ఆసుపత్రికో, మేదినీపూర్‌కో రిఫర్ చేస్తారు. ఈ పట్నంలో ఒక వార్డులో పుట్టిన క్రిమి ఆ వార్డులోనే ఉండిపోదు. అంబులెన్సెక్కుతుంది, సెకండ్ షిఫ్ట్ దిగి ఇంటికి వెళ్లే నర్సమ్మతో పాటు వెళ్తుంది, మర్నాడు టిఫిన్ క్యారియర్‌తో తిరిగొస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మనలాంటి దేశాల్లో తక్షణ చికిత్స (అక్యూట్ కేర్) ఆసుపత్రుల్లో చేరిన ప్రతి 100 మందిలో 15 మందికి అక్కడే ఏదో ఒక ఇన్‌ఫెక్షన్ సోకుతోంది. సంపన్న దేశాల్లో ఈ సంఖ్య 7. అలా సోకినవారిలో సగటున పదిమందికి ఒకరు చనిపోతున్నారు. చేతుల శుభ్రత, పరికరాల శుభ్రత సరిగా పాటిస్తే ఈ ఇన్‌ఫెక్షన్లలో 70 శాతం దాకా ఆపవచ్చని కూడా ఆ నివేదికే చెప్పింది. అంటే ఇది తలరాత కాదు. మూత్రపు గొట్టం అవసరం తీరాక కూడా ఇంకో రెండు రోజులు ఉంచేయడం, ఒక మంచం దగ్గర తొడిగిన గ్లౌజులతోనే పక్క మంచం రోగిని ముట్టుకోవడం, అన్ని గదులకూ ఒకే బకెట్టు నీళ్లు, ఒకే గుడ్డ: క్రిమి దారులివి.

ఇందులో అసలు లెక్కకే అందనిది ఒకటుంది. ఆపరేషన్ కుట్టు దగ్గర చీము పడితే, అది 30 రోజుల లోపు ఎప్పుడు పట్టినా ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్ కిందికే వస్తుంది. కానీ రోగిని నాలుగో రోజో, ఐదో రోజో డిశ్చార్జి చేస్తారు. పదో రోజు క్వార్టర్లో కుట్టు ఎర్రబడి కారితే, వీధి చివర డాక్టరు దగ్గర ఒక యాంటీబయాటిక్ కోర్సు వాడేసి ఊరుకుంటారు. ఆసుపత్రి రికార్డులో ఆ ఆపరేషన్ దిగ్విజయం. ఇంటికి పంపినవారికి ముప్పై రోజుల్లో ఒక్కసారి ఫోన్ చేసి కుట్టు ఎలా ఉందని అడగడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు.

లెక్క లేకపోతే ఏమవుతుందో మనముంటున్న పశ్చిమ బెంగాలే ఒకసారి చూసింది. 2001 జనవరి, ఫిబ్రవరి నెలల్లో సిలిగురిలో అంతు తెలియని జ్వరం 66 మందికి సోకింది, 45 మంది పోయారు. అది నిపా వైరస్ అని తేలడానికి చాలా కాలం పట్టింది. ఎలా సోకిందో ఆనవాలు దొరికినవారిలో నూటికి 75 మంది ఆసుపత్రి సిబ్బంది, లేదా రోగిని చూడ్డానికి వచ్చినవారు. ఊరికి జబ్బు పంచిపెట్టింది ఆసుపత్రులే. తెలుగు నేల మీదికొస్తే, 2016లో హైదరాబాద్ సరోజినీ దేవి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి కళ్లలో ఇన్‌ఫెక్షన్ చేరింది, కొందరు చూపు పోగొట్టుకున్నారు. కన్ను కడగడానికి వాడిన సెలైన్‌లోనే క్రిములున్నాయని తేలింది. అందరికీ ఒకే రోజు వచ్చింది కాబట్టి అది బయటపడింది. నెలకు ఒకరికి చొప్పున వచ్చి ఉంటే ఆ సీసాను అనుమానించేవారెవరు?

ఇక సిబ్బంది సంగతి. సిబ్బంది అనగానే తెల్లకోటు గుర్తొస్తుంది. మేం ముందుగా చెప్పేది చీపురు పట్టుకున్న మనిషి గురించి. తెల్లవారుజామున వార్డులో నల్ల సంచీ మూతి ముడేసి, బరువుకు తొడకు ఆనించి మోసుకెళ్తుంటే లోపలి నుంచి సూది గుచ్చుకుంటుంది. ఆ సూది తెల్లరంగు గట్టి డబ్బాలో ఉండాల్సింది. రాత్రి హడావిడిలో ఎవరో సంచీలో పడేశారు. ఆమె గబగబా నొక్కి రక్తం పిండుతుంది. అది చేయకూడని పని. సబ్బుతో, పారే నీళ్లతో కడగాలి అంతే. ఆమెకు ఎవరూ చెప్పలేదు. సూపర్‌వైజర్‌తో చెబితే ఆ పూట కూలి పోతుందేమోనని గుడ్డపీలిక కట్టుకుని రెండో సంచీ ఎత్తుకుంటుంది. ఆ సూది హెపటైటిస్ బి ఉన్న రోగిదై, ఆమెకు టీకా పడి ఉండకపోతే, జబ్బు అంటుకునే అవకాశం నూటికి 6 నుంచి 30 దాకా ఉంటుంది. హెచ్‌ఐవీ అయితే వెయ్యికి మూడు. దానికి మందు రెండు గంటల్లో మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు. ఆమె నోరు విప్పని ప్రతి గంటా ఆ గడువులోంచే పోతోంది.

చట్టం ఏమీ మూగగా లేదు. జీవ వైద్య వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2016 ప్రకారం ఆ చెత్తను తాకే ప్రతి మనిషికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాల్సింది ఆసుపత్రే. ఆ మనిషి ఎవరి జీతం మీద ఉన్నారన్న ప్రశ్నే అక్కడ లేదు. హెపటైటిస్ టీకా మూడు డోసులు, పూర్తికావడానికి ఆరు నెలలు. మధ్యలో టెండరు మారి కొత్త కాంట్రాక్టరు వస్తే మూడో డోసు ఎవరి ఖాతాలోకి పోతుంది? 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి నష్టపరిహార చట్టం వృత్తి వ్యాధుల పట్టికలో మొట్టమొదట రాసిందే అంటువ్యాధులను. ఆరోగ్య సేవల్లో, ల్యాబుల్లో పనిచేసేవారికి అవి సోకితే యజమానే బాధ్యుడన్నది. అంటే నర్సుకు వచ్చిన క్షయ ఆమె ఇంటి సమస్య కాదు, డ్యూటీలో తగిలిన దెబ్బ.

రైల్వే ఇళ్లలో ‘సిక్‌లో ఉన్నాడు’ అనే మాట వినని రోజుండదు. పర్మినెంటు ఉద్యోగి జ్వరమొస్తే సిక్ రిపోర్టు చేస్తాడు, జీతం నడుస్తుంది, ఫిట్ సర్టిఫికెట్టు తెచ్చుకుని డ్యూటీలో చేరతాడు. బాగుంది, అది పోరాడి సాధించుకున్న హక్కు. అదే కారిడార్ తుడిచే కాంట్రాక్టు మనిషికి సిక్ లేదు. దగ్గుతూనే వస్తుంది, ఆపరేషనైన మనిషి మంచం కిందే తుడుస్తుంది. ఆమెకు జీతంతో కూడిన నాలుగు రోజుల సెలవు ఇవ్వకపోవడం వల్ల మిగిలిన డబ్బు కన్నా ఎక్కువే రోగి మందుల మీద పోవచ్చు.

ఈ రైల్వేకు ఒకప్పుడు ఈ తెలివి ఉండేది. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ రోనాల్డ్ సీనియర్ వైట్ అనే మలేరియా శాస్త్రవేత్తను జీతమిచ్చి పెట్టుకుంది. లైను పక్కన ఏ కాలువలో ఏ జాతి దోమ పెరుగుతోందో వెతకడమే ఆయన పని. తెల్లదొరలకు కూలీల మీద దయ కలిగిందనుకోనక్కర్లేదు. గ్యాంగ్ మొత్తం జ్వరంతో పడిపోతే పట్టాలు వేసేవాళ్లుండరని లెక్క చూసుకున్నారు. ఇప్పటివారు కనీసం ఆ లెక్కయినా చూసుకోవచ్చు. డెంగీ రోగిని దోమతెర లేకుండా పడుకోబెట్టి, వార్డు వెనక కూలర్ తొట్టిలో నీళ్లు నిలవుంచితే పక్క మంచానికి డెంగీ అక్కడే తయారవుతుంది.

అంకెలు బయటపెడితే జనం భయపడతారనీ, డాక్టర్ల మీద దాడులు పెరుగుతాయనీ అంటారు. దాడుల భయం అబద్ధం కాదు, దాన్ని తేలిగ్గా తీసేయలేం. అయితే మేం అడిగేది పేర్లు కాదు, అంకెలు. ఏ సర్జన్ బల్ల మీద, ఏ నర్సు చేతిలో అని కాదు. ఎన్ని ఆపరేషన్లకు ఎన్ని కుట్లు చీముపట్టాయి, ఎన్ని సూదులు గుచ్చుకున్నాయి, ఎంతమంది సిబ్బందికి క్షయ తేలింది అన్నదే. ఇంకో సంగతి: మొదటి ఏడాది నిజాయతీగా లెక్కపెట్టిన ఆసుపత్రి అంకె పెద్దగానే ఉంటుంది. సున్నా చూపించినచోటే అనుమానించాలి. సూది గుచ్చుకుందని చెప్పినవారిని మందలించడం మొదలుపెడితే ఆ రిజిస్టరు తెల్లగా మెరుస్తుంది, దానికన్నా ప్రమాదం లేదు. సిబ్బంది చాలడం లేదన్న మాట నిజమే కావచ్చు. అయినా ఒకటి గుర్తుచేయాలి. 2020 ఏప్రిల్‌లో ఢిల్లీ నుంచి తిరిగొచ్చిన ఆర్‌పీఎఫ్ జవాన్లలో కొందరికి కొవిడ్ తేలినప్పుడు, వారితో కలిసి తిరిగినవారిని వెతికి క్వారంటైన్‌లో పెట్టింది ఈ ఊరే. అప్పుడు చేతనైంది ఇప్పుడు చేతకాదంటే నమ్మలేం.

మనవాళ్లకూ నాలుగు మాటలు చెప్పాలి. పురిటి మంచం మీద ఐదుగురు కూర్చోవడం, జలుబుతో ఉన్న చంటివాణ్ణి చంకనేసుకుని అమ్మమ్మను చూపించడానికి తేవడం అభిమానం కాదు. రోగి దగ్గర ఒక్కరే ఉండండి, లోపలికి వెళ్లేటప్పుడూ బయటికొచ్చేటప్పుడూ చేతులు కడుక్కోండి. సెలైన్ ఎక్కించబోయే నర్సును ‘చేతులు కడుక్కున్నావా తల్లీ’ అని అడగడానికి మొహమాటపడకండి. అడిగినందుకు విసుక్కోకుండా ఉండటం ఆసుపత్రి నేర్చుకోవాలి. వార్డుల్లో ఈ సూచనలు బెంగాలీ, హిందీతో పాటు తెలుగులోనూ రాయించాలి. పెద్దతరంలో తెలుగు తప్ప వేరే అక్షరం చదవలేని ఆడవాళ్లు ఇంకా ఉన్నారు.

రైల్వే యూనియన్లు యాజమాన్యంతో జరిపే పీఎన్‌ఎం చర్చల సమావేశాల్లో క్వార్టర్ల మరమ్మతులతో పాటు ఈ అంశాన్నీ పెట్టాలి, కాంట్రాక్టు వారి టీకాల చిట్టా అడగాలి. మహకుమా ఆసుపత్రి రోగి కల్యాణ సమితి ప్రతి సమావేశంలో సూది గాయాల రిజిస్టరు తెరిచి చూడాలి. వాళ్లు కదలకపోతే పాఠకులే కదలవచ్చు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుకు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.